కల్చర్డ్ మార్బుల్ సింకు గార మీద వెనిగర్ వాడొచ్చా, వాడకూడదా?

తేటనీరు:
టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో అద్దె ఇల్లు. బాత్రూంలో సింకూ కౌంటరూ అతుకు లేకుండా ఒకే పోత, తెలుపు మీద లేత గోధుమ చారలు. కుళాయి మొదట్లో నీళ్ల వల్ల తెల్ల గార గట్టిపడిపోయింది. ఇంటివాళ్లిచ్చిన కాగితంలో "మార్బుల్ మీద యాసిడ్ క్లీనర్లు వాడరాదు" అని ఉంది. వాట్సాప్ గ్రూపులో అడిగితే సగం మంది "అది మార్బులే కాదు, వెనిగర్ పోసెయ్యండి" అంటారు, మిగతా సగం "పోస్తే డిపాజిట్ పోతుంది" అంటారు. ఇక పూజ సామాను కడిగినప్పుడు అంటుకున్న పసుపు మరక వేరే గొడవ. తెలిసినవాళ్లు కారణంతో సహా చెప్పండి.

నీలిసీసా:
వాడొచ్చండి. ఆ కాగితం రాసినవాళ్లు అసలు పాలరాయిని దృష్టిలో పెట్టుకుని రాశారు. పాలరాయి మీద వెనిగర్ పడితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది, నిజమే. మీది కల్చర్డ్ మార్బుల్, అంటే పాలిస్టర్ రెజిన్ అనే ప్లాస్టిక్ జిగురు‌తో పోత పోసిన పలక, పైన జెల్ కోట్ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. 5 శాతం తెల్ల వెనిగర్ కాసేపు తగిలినంత మాత్రాన దానికేమీ కాదు.

వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి పేపర్ టవల్ తడిపి కుళాయి మొదలు చుట్టూ చుట్టండి. 10 నిమిషాలాగి తుడిచి, ఇంకా మిగిలిన గారను పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకండి. చాకు, బ్లేడు వద్దు. మంచినీళ్లతో రెండుసార్లు కడిగి పొడిగుడ్డతో తుడిచేస్తే సరి. కుళాయి క్రోమ్‌ది కాకుండా నల్లటి కంచు రంగు పూతదైతే గుడ్డ దాన్ని తాకకుండా చూసుకోండి, ఆ పూత లేచిపోతుంది.

అచ్చుపోత:
నీలిసీసా గారు చెప్పింది జెల్ కోట్ చెక్కుచెదరకుండా ఉన్నంతవరకే. ఆ పొర కింద ఏముందో చెప్పలేదు. పలక బరువులో ముప్పావు వంతు దాకా సున్నపురాయి పొడే, అంటే కాల్షియం కార్బొనేట్. రెజిన్ దాన్ని పట్టి ఉంచుతుందంతే. శాన్ ఆంటోనియో నీళ్లు చాలావరకు ఎడ్వర్డ్స్ ఆక్విఫర్ అనే భూగర్భ జలాశయం నుంచి వస్తాయి, అదీ సున్నపురాయే. కుళాయి దగ్గర గారగా పేరుకుంటున్నదీ, పలక లోపల నింపిందీ చాలావరకు ఒకటే పదార్థం. వెనిగర్‌కు గార ఏదో, పలక ఏదో తేడా తెలీదు.

జెల్ కోట్ మందం అర మిల్లీమీటరు దాకానే. అది పగిలినా, అరిగినా యాసిడ్ లోపలికి దిగి సున్నాన్ని తింటుంది. పగులు చుట్టూ పసుపుపచ్చగా, గుల్లగా తయారవుతుంది, తర్వాత ఎంత రుద్దినా పోదు. కాబట్టి వెనిగర్ తీసే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. కౌంటర్ బాగా ఆరనిచ్చి, లైట్లార్పి, ఫోన్ టార్చిని పలకకు ఆనించినట్టు ఏటవాలుగా వేసి చూడండి. సింకు అడుగున, కుళాయి మొదట్లో సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తే ఆ చోట వెనిగర్ వద్దు.

నీలిసీసా:
ఒప్పుకుంటాను. కానీ పగుళ్లు లేని కౌంటర్లే ఎక్కువ. "యాసిడ్ వద్దు" అని గుడ్డిగా చెప్తే జనం ఏం చేస్తారో తెలుసుగా, స్కాచ్‌బ్రైట్ పచ్చ పీచు తీసి గరగరా తోముతారు. వెనిగర్ కంటే దానితోనే ఎక్కువ నష్టం.

అచ్చుపోత:
ఆ మాట నిజం. పచ్చ పీచు, కామెట్ లాంటి గరుకు తోముడు పొడి, స్టీల్ పీచు మూడూ వద్దు. హార్పిక్ లాంటి టాయిలెట్ క్లీనర్లలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్, దాన్ని వెనిగర్‌తో ఒకే గాటన కట్టకండి. దాని జోలికే పోవద్దు.

మెరుగుపని:
మ్యాజిక్ ఇరేజర్ అనే తెల్ల స్పాంజీ గురించి ఎవరూ ఎత్తలేదేం? మెత్తగా ఉంది కదా అని అందరూ అదే వాడతారు. అది మెలమైన్ నురుగు, పనిచేసే తీరు సన్న వాటర్ పేపర్ (నీళ్లతో వాడే గరుకు కాగితం) లాంటిదే. ఒకసారికి తెలీదు, వారం వారం రుద్దితే కుళాయి ముందు మాత్రం పలక మసకబారిపోతుంది.

మసక అంతా గీతల వల్లే అనుకోకండి. బార్ సబ్బు, గట్టినీళ్లు (సున్నం ఎక్కువున్న నీళ్లు) కలిస్తే కరగని తెట్టు కడుతుంది. ఒక మూల వెనిగర్ నీళ్లు, తర్వాత డాన్ లాంటి గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు వేసి మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. మెరుపు వస్తే అది తెట్టే. రాకపోతే జెల్ కోట్ గీసుకుపోయినట్టు. దానికి మందు కారు షాపులో దొరుకుతుంది. గీతలు లోతుగా ఉంటే 1000 నంబరు వాటర్ పేపర్ నీళ్లతో, తర్వాత 1500, 2000. ఆపైన తెల్ల రబ్బింగ్ కాంపౌండ్, చివర కార్నౌబా వ్యాక్స్ పల్చగా. పేపర్ ఒకేచోట గట్టిగా నొక్కితే జెల్ కోట్ దాటిపోతుంది, అప్పుడు అచ్చుపోత గారు చెప్పిన సున్నపుపొడి బయటపడుతుంది. అద్దె ఇంట్లో వాటర్ పేపర్ పట్టకండి, వ్యాక్స్‌తో ఆపెయ్యండి. ఆరు నెలలకోసారి వ్యాక్స్ వేస్తే గార కూడా అంత గట్టిగా పట్టదు. ఇదే పదార్థంతో చేసిన షవర్ నేలకు మాత్రం వెయ్యొద్దు, కాలు జారుతుంది.

గోరింటపొద:
పసుపు సంగతి. ముందుగా చెప్పేది, బేకింగ్ సోడా, సబ్బు, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వాడకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే, క్షారం తగిలితే ఈ మరకా ఎర్రబడుతుంది. పొరపాటున ఎర్రబడితే కంగారొద్దు, చుక్క వెనిగర్ నీళ్లు తగిలితే మళ్లీ పచ్చబడుతుంది.

పసుపు రంగు నీళ్లలో సరిగా కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. 70 శాతం రబ్బింగ్ ఆల్కహాల్‌లో దూది ముంచి అద్దుతూ తియ్యండి, రుద్దితే పరుచుకుంటుంది. మిగిలిన నీడకి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్: దూది తడిపి మరక మీద పెట్టి, పైన వంటింటి ప్లాస్టిక్ రేపర్ కప్పి గంట ఉంచండి. కిటికీ పక్క కౌంటరైతే ఎండే సగం పని చేసిపెడుతుంది. బ్లీచ్ మాత్రం వద్దు. వెనిగర్ వాడిన చోట సరిగా కడక్కుండా బ్లీచ్ పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, బాత్రూం లాంటి మూసిన గదిలో చాలా ప్రమాదం.

తేటనీరు:
టార్చి వేసి చూశాను. కుళాయి దగ్గర గీతల్లేవు. సింకు అడుగున డ్రెయిన్ చుట్టూ మాత్రం సాలెగూడే. వెనిగర్ ఎప్పుడూ వాడలేదు, మరి ఇవెలా వచ్చాయి?

అచ్చుపోత:
వేడి వల్ల. బాగా వేడి నీళ్లు పడి చల్లారుతూ ఉంటే జెల్ కోట్ ఒకలా, కింద పలక ఇంకోలా సాగి ముడుచుకుంటాయి. నీటిధార పడేది రోజూ అక్కడే. గీజర్ 120 ఫారెన్‌హీట్ దాటకుండా పెట్టమనండి. డ్రెయిన్ కింద నట్టు మరీ బిగించినా అక్కడే పగులుతుంది. జుట్టు వంకులు తిప్పే ఐరన్‌ను కౌంటర్ మీద వేడిగా పెట్టకండి. 200 సెల్సియస్ దాకా పోతుంది, ఆ కాలిన పసుపుమచ్చ పాలిష్‌కు లొంగదు.

కుళాయి దగ్గర వెనిగర్ గుడ్డ ధైర్యంగా చుట్టండి, నీళ్లు సింకులోకి కారకుండా కింద ఒక తువ్వాలు అడ్డం పెట్టండి. సింకు అడుక్కి గిన్నెల లిక్విడ్, గోరువెచ్చని నీళ్లు, మెత్తటి స్పాంజీ చాలు.

నీలిసీసా:
ఆ గీతల్ని ఫొటో తీసి ఇవాళే మెయింటెనెన్స్ రిక్వెస్ట్ పెట్టండి, తేదీ పడుతుంది. రిపేరంటే పగుళ్లు చెక్కి కొత్తగా పూత వెయ్యాలి, లేదా సింకుతో సహా పలక మొత్తం మార్చాలి. ఏదైనా అది ఇంటివాళ్ల ఖర్చని మీరిప్పుడే రాతలో అడిగి ఉంచండి.