ప్రోటాన్–లెడ్ కొలిజన్లు: సెంట్రల్‌లో జెట్లు ‘అణిగాయి’ అనొచ్చా?

రామప్ప_రాయి:
ఎమ్మెస్సీ పిల్లలకు న్యూక్లియర్ పేపర్ చెప్పేవాళ్లు ఇక్కడ నలుగురైనా ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. జెనీవా దగ్గరి కొలైడర్ ఎల్‌హెచ్‌సీ, 2013లో ప్రోటాన్లను లెడ్ కేంద్రకాలతో ఢీకొట్టించిన రన్, న్యూక్లియాన్ (ప్రోటాన్ లేదా న్యూట్రాన్) జంటకు 5.02 టెరా ఎలక్ట్రాన్ వోల్టులు. ప్రోటాన్–ప్రోటాన్‌లో ఎన్ని జెట్లు (ఒకే దిక్కుకు దూసుకొచ్చే కణాల గుంపులు) రావాలో దాన్ని ఎన్‌కాల్‌తో (ప్రోటాన్ ఎన్ని న్యూక్లియాన్లకు తగిలిందో ఆ లెక్క) హెచ్చించి, లెడ్‌లో వచ్చిన జెట్లను దానితో భాగిస్తే ఆర్-పీపీబీ. అట్లాస్ (ఎల్‌హెచ్‌సీలో ఒక ప్రయోగం) కొలతలో ఈవెంట్లన్నీ (ఒక్కో ఢీ ఒక ఈవెంట్) కలిపితే అది ఒకటి దగ్గరే. సెంట్రాలిటీగా, అంటే ఢీ ఎంత మధ్యకు తగిలిందో దాన్నిబట్టి విడగొడితే మాత్రం సెంట్రల్‌లో (మధ్యకు తగిలినవి) ఒకటికి దిగువన, పెరిఫెరల్‌లో (అంచుకు తగిలినవి) ఎగువన. దీన్ని పట్టుకుని ‘సెంట్రల్‌లో జెట్లు అణిగాయి’ అని బోర్డు మీద రాయడం తప్పు.

కాజీపేట_జంక్షన్:
కొలిచిన్రు, అచ్చేసిన్రు. ఇంకేం తప్పు సార్?

రామప్ప_రాయి:
కొలిచింది జెట్లను తమ్మీ. ఎన్‌కాల్‌ను ఎవరూ కొలవలేదు.

గ్లౌబర్_హన్మకొండ:
ఎన్‌కాల్ గాల్లోంచి రాలేదు సార్, గ్లౌబర్ మోడల్ నుంచి వచ్చింది. లెడ్‌లోని 208 న్యూక్లియాన్లను ఉడ్స్–సాక్సన్ సాంద్రత (నడుమ ఒకే తీరుగ ఉండి అంచున పలచబడేది) ప్రకారం చల్లుతం: వ్యాసార్థం 6.62 ఫెర్మీలు, అంచు పలచబడే కొలత 0.546. ఏ రెండైనా 0.4 ఫెర్మీల కన్నా దగ్గరైతే పారేసి మళ్లీ చల్లుతం. ప్రోటాన్ దారికి 1.49 ఫెర్మీల లోపలున్న న్యూక్లియాన్ తగిలినట్టే. ఆ 1.49 ఎక్కడిదంటే, రెండు న్యూక్లియాన్లు ఢీకొనే క్రాస్ సెక్షన్ 70 మిల్లీబార్న్‌లు, అంటే 7 చదరపు ఫెర్మీలు, దాన్ని π (పై)తో భాగించి వర్గమూలం తీయండి. సగటు కూడా సరిచూసుకోండి: 208 ఇంటూ 70 బై 2100 (ప్రోటాన్–లెడ్ మొత్తం క్రాస్ సెక్షన్, మిల్లీబార్న్‌లల్ల), అంటే 6.9. తర్వాత తగిలిన ఒక్కోదానికి నెగెటివ్ బైనామియల్ పంపిణీతో కణాలు పుట్టించి, మొత్తాన్ని డిటెక్టర్ సిగ్నల్‌కు సరిపోలుస్తం. ఇందులో తప్పెక్కడుంది?

రామప్ప_రాయి:
ఆ చివరి మెట్టులో. లెడ్–లెడ్‌లో ఎన్‌కాల్ ఒకటి నుంచి పదిహేను వందలు దాటుతుంది, కణాల సంఖ్య కొంచెం ఊగినా వరస చెడదు. ఇక్కడ అత్యంత సెంట్రల్ 5%లో కూడా సగటు పదిహేనుకు అటూఇటూ. ఏడు తగిలిన ఈవెంట్ పదిహేను తగిలినట్టు కనబడాలంటే ఒక్క గట్టి దెబ్బ చాలు. జెట్ ఉన్నచోట కణాలు ఎక్కువే కదా, ఆ కణాలనే లెక్కబెట్టి తరగతి చేస్తే ఈవెంట్ సెంట్రల్‌లోకి ఎక్కిపోతుంది. ఎనుమాముల యార్డులో ఎర్రటి కాయలే ఏరి ఒక కుప్ప పోసి, ఆ కుప్ప రంగు చూసి పంట ఎర్రగా పండిందన్నట్టు. అలిస్ (ఎల్‌హెచ్‌సీలో ఇంకో ప్రయోగం) వాళ్లు 2015 పేపర్లో ఆర్ అనకుండా క్యూ-పీపీబీ అని పేరు పెట్టుకున్నది ఇందుకే.

భద్రకాళి_గట్టు:
మిర్చి పోలిక మంచిగుంది.

గ్లౌబర్_హన్మకొండ:
అలిస్ సంగతి తెల్వక కాదు. వాళ్ల డిటెక్టర్ నడిమిట్ల ఉన్న పిక్సెల్ పొరలతో తరగతులు చేస్తే గట్లయితది. అట్లాస్ వాడింది లెడ్ పోయే దిక్కు క్యాలరీమీటర్, సూడోర్యాపిడిటీ (బీమ్‌కు ఎంత దగ్గరి కోణమో చెప్పే కొలత) 3.1 నుంచి 4.9. జెట్ అక్కడ లేదు! ఎన్నిసార్లు చెప్పాలె? ఈ మాట రాసిన పేపర్‌ను ఒక పరీక్షకుడు ‘బయాస్’ అని ఒక్క ముక్క గీకి వెనక్కి పంపిండు. నచ్చని జవాబొస్తే కొలతే తప్పంటరు, మీరూ అంతే.

రామప్ప_రాయి:
నన్ను ఏమన్నా అనండి, లెక్క చూపి అనండి.

వడ్డేపల్లి_మేడం:
ఇద్దరూ ఒకసారి దిశ చూడండి. రామప్ప సార్ చెప్పిన బయాసే అయితే పెరిఫెరల్‌లో జెట్లు తగ్గాలి. అలిస్ పిక్సెల్ తరగతుల్లో పెద్ద మొమెంటమ్ కణాలు తగ్గాయి కూడా. అట్లాస్‌లో పెరిగాయి. అంటే మీరు మాట్లాడుతున్నవి రెండు వేరే బయాసులు. ఇంకో ఆనవాలు ఉంది: అట్లాస్ గీతలను జెట్ మొత్తం ఎనర్జీకి మార్చి గీస్తే, ప్రోటాన్ పోయే వైపు ర్యాపిడిటీలవన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ ఎనర్జీ చెప్పేది ప్రోటాన్‌లో ఆ జెట్‌ను పుట్టించిన పార్టాన్ (లోపలి క్వార్క్ లేదా గ్లూవాన్) వాటా ఎంతో, అంటే ఎక్స్. గుట్టు ప్రోటాన్‌లో ఉంది, లెడ్‌లో కాదు.

గ్లౌబర్_హన్మకొండ:
నేననేది అదే మేడం. పెద్ద ఎక్స్ ఉన్న క్షణంలో ప్రోటాన్ ముడుచుకుని చిన్నగయితది, తక్కువ న్యూక్లియాన్లకు తగుల్తది. అది బయాస్ కాదు, ఫిజిక్స్.

రామప్ప_రాయి:
ముడుచుకోనక్కర్లేదు. 4 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్‌లో పెద్ద వాటా జెట్ పట్టుకుపోతే, మిగతా దెబ్బలకు మిగిలేది తక్కువ. క్యాలరీమీటర్‌లో ఎనర్జీ తగ్గుతుంది, ఈవెంట్ పెరిఫెరల్‌లోకి జారుతుంది. ఎనర్జీ నిత్యత్వం చాలు. ఇప్పుడు తేలాల్సింది ఇదీ: తగిలిన న్యూక్లియాన్లే తగ్గాయా, లేక ఒక్కో దెబ్బకు పుట్టే కణాలు తగ్గాయా?

గ్లౌబర్_హన్మకొండ:
అంటే ‘తప్పు’ అన్న మాట వెనక్కి తీసుకున్నట్టేనా?

రామప్ప_రాయి:
లేదు. అణగడమంటే పుట్టిన జెట్ మీడియంలో (ఢీలో పుట్టే వేడి పదార్థంలో) ఎనర్జీ పోగొట్టుకోవడం. మనం చెప్పుకున్న రెండు కారణాల్లో ఏదీ అది కాదు.

వడ్డేపల్లి_మేడం:
ఎన్‌కాల్‌ను మోడల్ నుంచి కాక డేటా నుంచే తీయొచ్చు. ఫోటాన్‌కు కలర్ చార్జి లేదు, మీడియం దాన్ని ఆపదు. అమెరికాలోని ఆర్‌హెచ్‌ఐసీ కొలైడర్‌లో ఫెనిక్స్ ప్రయోగం వాళ్లు 200 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల డ్యూటెరాన్–గోల్డ్‌లో నేరుగా వచ్చే ఫోటాన్లను కొలబద్దగా పెట్టి పైజీరోలను (చార్జి లేని పయాన్లను) చూశారు. పెరిఫెరల్‌లో ఉన్న పెరుగుదల పోయింది. అత్యంత సెంట్రల్ 5%లో మాత్రం సుమారు 20% తగ్గుదల మిగిలింది.

రామప్ప_రాయి:
పైజీరో జెట్‌లో ఒక ముక్క మేడం. అదే మొమెంటమ్ దగ్గర దాని వెనకున్న పార్టాన్ ఫోటాన్ కన్నా పెద్దది, ఎక్స్ సరిపోదు. నాకు అలిస్ దారి నచ్చుతుంది. పెద్ద మొమెంటమ్ హాడ్రాన్‌ను (క్వార్కులతో అయిన కణాన్ని) ట్రిగ్గర్‌గా, అంటే ఈవెంట్‌ను ఎంచే గుర్తుగా పట్టి, ఎదురు జెట్లను ట్రిగ్గర్ల సంఖ్యతోనే భాగించారు. ఎన్‌కాల్ అవసరమే లేదు. 0.4 వ్యాసార్థం జెట్ కోన్ బయటికి పోయిన చార్జ్ కణాల ఎనర్జీ 0.4 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల కన్నా తక్కువ, 90% నమ్మకంతో.

గ్లౌబర్_హన్మకొండ:
తక్కువంటే సున్నా కాదు. ప్రోటాన్–లెడ్‌లో రిడ్జ్ (బీమ్ వెంట దూరదూరంగ ఉన్న కణాలు ఒకే దిక్కుకు జత కట్టుడు) 2012 నుంచీ కనబడుతనే ఉంది, వీ2 (కణాలు గుడ్డు ఆకారంల పారే కొలత) గట్టిగనే ఉంది. మీడియం చిన్నది, పార్టాన్ నడిచే దారి పొట్టిది. ఆ దారిలో ఎంత పోవాల్నో లెక్కేసి చూపండి. అది 0.4 కన్నా ఎక్కువొస్తే ‘అణిగాయి’ అన్న మాట నా నోట్స్‌లోంచి తీసేస్త.