తెలంగాణకు ప్రైమేట్ సిటీ ఉంది, ఆంధ్రకు లేదు: ఈ మాట నిలుస్తుందా?

పటాలపిచ్చి
పోటీ పరీక్షల మెటీరియల్‌లో తరచూ కనిపించే మాట ఇది: తెలంగాణ పట్టణ వ్యవస్థ ఒకే నగరం చుట్టూ పేరుకుంది, ఆంధ్రప్రదేశ్‌ది సమతుల్యంగా ఉంది. నాకైతే సరిగ్గానే అనిపిస్తోంది. మార్క్ జెఫర్సన్ 1939లో ప్రైమేట్ సిటీకి రెండు షరతులు పెట్టాడు. మొదటి నగరం జనాభాలో రెండోదానికి కనీసం రెండింతలుండాలి, ప్రాధాన్యంలో అంతకుమించి ఉండాలి. 2011 జనగణనలో హైదరాబాద్ సుమారు 77 లక్షలు, వరంగల్ 7.5 లక్షలు. పదిరెట్లు! ర్యాంక్-సైజ్ రూల్ ప్రకారం రెండో నగరం మొదటిదానిలో సగం, మూడోది మూడో వంతు ఉండాలి. ఆ లెక్కన వరంగల్ 38 లక్షలు దాటాలి. అటు ఆంధ్రలో విశాఖ 17.3, విజయవాడ 14.8 లక్షలు. కాదనేవాళ్లు లెక్కతో కాదనండి.

సర్వేరాయి
లెక్కతోనే కాదంటాను. రెండు నగరాలే పోలిస్తే ఏదో ఒకటి చిన్నదైనా ఫలితం తారుమారవుతుంది కాబట్టి నాలుగు నగరాల సూచిక వాడదాం. మొదటి నగరం జనాభాను మొదటి నాలుగింటి మొత్తంతో భాగించాలి. ర్యాంక్-సైజ్ రూల్ అచ్చంగా పనిచేసే చోట ఇది 0.48 వస్తుంది.

తెలంగాణ: 77 / (77 + వరంగల్ 7.5 + నిజామాబాద్ 3.1 + కరీంనగర్ 3.0) = 0.85
ఉమ్మడి రాష్ట్రం: 77 / (77 + 17.3 + 14.8 + 7.5) = 0.66
ఇప్పటి ఆంధ్ర: 17.3 / (17.3 + 14.8 + గుంటూరు 6.7 + నెల్లూరు 5.6) = 0.39
మొత్తం దేశం (ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై): 0.32

అంటే 2014 జూన్ 1 రాత్రి దాకా 0.66గా ఉన్నది జూన్ 2 తెల్లారేసరికి 0.85 అయింది. కొత్తగా ఒక ఇల్లు లేచిందీ లేదు, ఒక కుటుంబం కదిలిందీ లేదు. మారింది హారం ఒక్కటే. 1918 తర్వాత వియన్నాకు జరిగిందీ ఇదే. సుమారు ఐదు కోట్ల మంది సామ్రాజ్యానికి కట్టుకున్న రాజధాని చివరికి 65 లక్షల దేశానికి మిగిలింది. హైదరాబాద్‌కైతే ఈ కోత రెండుసార్లు పడింది. మరఠ్వాడా, కన్నడ జిల్లాలు 1956లో పోయాయి, కోస్తా, సీమ 2014లో పోయాయి. మీరు తెలంగాణ లక్షణం అంటున్నది గీత గీసిన తీరుకు లక్షణం.

బస్‌పాస్
మధ్యలో చిన్న సందేహం. హైదరాబాద్ 2011లో 39 లక్షలు అని చదివినట్టు గుర్తు. 77 ఎలా వచ్చింది?

సర్వేరాయి
39.4 లక్షలు హైదరాబాద్ జిల్లా జనాభా. జీహెచ్‌ఎంసీది 67.3. అర్బన్ అగ్లోమరేషన్‌ది 77. అగ్లోమరేషన్ అంటే ప్రధాన పట్టణం, దాన్ని ఆనుకుని పెరిగిన పట్టణాలు, శివార్లు అన్నీ కలిపి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఒక ఊరికి కార్పొరేషన్ అంకె, ఇంకో ఊరికి అగ్లోమరేషన్ అంకె తీసుకుని భాగించేస్తారు. ఏదో ఒకటే వాడాలి, నాలుగు ఊళ్లకూ అదే వాడాలి. వేర్వేరు ఏళ్లను పోల్చేటప్పుడు కార్పొరేషన్ అంకె అసలు పనికిరాదు. 2007లో 12 మునిసిపాలిటీలు కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. ఆ పెరుగుదలలో జనం ఎంత, జీవో ఎంత అన్నది విడదీయకుండా గ్రాఫ్ గీస్తే అబద్ధమే.

కృష్ణలంక కరకట్ట
అగ్లోమరేషన్ అంకె కూడా దేవుడిచ్చింది కాదండీ. 2011లో విజయవాడ అగ్లోమరేషన్ కృష్ణ దాటి గుంటూరు జిల్లాలోని తాడేపల్లి, మంగళగిరి దాకా వెళ్లింది. అక్కణ్ణుంచి గుంటూరు ఇరవై కిలోమీటర్ల చిల్లర. రెండింటినీ ఒకటిగా లెక్కిస్తే 21.5 లక్షలు, విశాఖ రెండో స్థానానికి పోతుంది. నాలుగో ఊరిగా కర్నూలు (4.8) వస్తుంది, సూచిక 0.44 అవుతుంది. రెండు ఊళ్లను కలపగానే మొదటి నగరమే మారిపోయే చోట ‘సమతుల్యం’ అని ఎలా రాస్తారు?

పటాలపిచ్చి
సర్వేరాయి గారూ, గీత కృత్రిమమే కావచ్చు, దాని ఫలితాలు మాత్రం కృత్రిమం కావు. పన్నులు వచ్చేది, ఖర్చయ్యేది రాష్ట్రం లెక్కనే. మెడికల్ కాలేజీ ఎక్కడ పెట్టాలి, రాష్ట్ర రహదారి ఎటు వేయాలి అన్నది తేల్చేదీ రాష్ట్రమే. కాబట్టి ఆ ప్రభుత్వానికి 0.85 నిఖార్సయిన సమస్య. దేశం మొత్తానికి 0.32 వచ్చింది కదా అని వరంగల్‌కు ఓదార్పు దొరకదు.

సీమ మిరప
తెలంగాణ సంగతి ఒప్పుకుంటా. ఆంధ్ర సంగతే ఒప్పుకోను. 0.39 అనేది 0.48 కన్నా తక్కువ, అంటే రూల్ ప్రకారం ఉండాల్సినంత పెద్ద తల కూడా లేదు. ఎందుకు లేదు? తల సరిహద్దు అవతల ఉంది. 1953 దాకా మద్రాసు, 1956 నుంచి హైదరాబాద్. పెద్ద ఆసుపత్రులు, హోల్‌సేల్, పై చదువులు, పై ఆఫీసులు అన్నీ అక్కడే పెరిగాయి. నెల్లూరుకు చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, విజయవాడ అంతకన్నా వంద ఎక్కువ. చెన్నై సబర్బన్ రైళ్లు సూళ్లూరుపేట దాకా వస్తాయి. హిందూపురానికి బెంగళూరు వంద కిలోమీటర్ల దూరం. రాయలసీమ ఊళ్లను విశాఖ కింద ర్యాంకు వేసి సూచిక కట్టడమంటే, ఎప్పుడూ ఒక వ్యవస్థ కాని వాటిని ఒక వ్యవస్థ అనుకోవడమే. ర్యాంక్-సైజ్ రూల్‌కు మొదటి షరతు ఆ ఊళ్లు ఒకదానితో ఒకటి వ్యవహరించడం.

సర్వేరాయి
ఇదీ అసలు ప్రశ్న. పలుకుబడి ఎక్కడిదాకా అన్నది చూడటానికి బ్రేకింగ్ పాయింట్ లెక్క ఉంది. పెద్ద ఊరి జనాభాను చిన్న ఊరి జనాభాతో భాగించి వర్గమూలం తీయాలి, ఒకటి కలపాలి, దూరాన్ని దానితో భాగించాలి. చిన్న ఊరి నుంచి హద్దు ఎంత దూరమో వస్తుంది. హైదరాబాద్–విజయవాడ సుమారు 275 కి.మీ. 77ను 14.8తో భాగిస్తే 5.2, వర్గమూలం 2.28, ఒకటి కలిపితే 3.28. విజయవాడ నుంచి 84 కి.మీ. జగ్గయ్యపేట దాటాక, కోదాడ రాకముందు. రాష్ట్ర సరిహద్దు పక్కనే!

కృష్ణలంక కరకట్ట
కాకతాళీయం, దాని మీద సిద్ధాంతం కట్టకండి. ఆ సూత్రానికి జనాభా, దూరం తప్ప ఇంకేమీ తెలియదు. రైలు, టోల్, ఏ ఆసుపత్రిలో ఏ ప్రభుత్వ ఆరోగ్య కార్డు చెల్లుతుంది, కూతుర్ని ఏ ఊరికిచ్చారు, ఏవీ అందులో లేవు. ఖమ్మం తెలంగాణలో ఉంది, విజయవాడ దానికి హైదరాబాద్ కన్నా చాలా దగ్గర. అక్కడ వైద్యానికి ఒక దారి, ఉద్యోగానికి ఇంకో దారి. ఒక్కో సేవకు ఒక్కో హద్దు గీయాలి, అన్నిటికీ ఒకే గీత కాదు.

ఇంకొకటి. ధవళేశ్వరం ఆనకట్ట 1852, కృష్ణ ఆనకట్ట 1855. కాలువ నీళ్లు వచ్చాక తెనాలి, గుడివాడ, భీమవరం, ఏలూరు ఒక్కొక్కటి తన చుట్టూ ఉన్న వరి పల్లెలకు సంత అయింది. దగ్గర దగ్గరగా, దాదాపు ఒకే స్థాయిలో. వీటిలో ఒక్కటీ పై నాలుగులో లేదు కాబట్టి మీ సూచికకు డెల్టా కనబడనే కనబడదు. మొదటి నాలుగు ఊళ్లు చూసి ‘రాష్ట్రం పట్టణ వ్యవస్థ’ అని పేరు పెట్టడం నాకు అభ్యంతరం.

పటాలపిచ్చి
అలాగైతే లక్ష దాటిన ఊళ్లన్నీ తీసుకుని, జనాభా లాగరిథమ్, ర్యాంకు లాగరిథమ్ గ్రాఫ్ గీసి వాలు చూద్దాం. తెలంగాణలో మొదటి చుక్క గీతకు చాలా పైన నిలుస్తుంది, పందెం.

సీమ మిరప
గీయండి. ఆంధ్ర గ్రాఫ్‌లో మాత్రం చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లతో ఒకటి, అవి లేకుండా ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టండి.