చనిపోయిన మనిషి గొంతుతో ప్రచారం చేసిపెట్టమంటే ఏం చెప్పాలి?

మైక్‌సెట్ షాపు:

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది కరీంనగర్ జిల్లాలో ఒక మండల కేంద్రం. బస్టాండు పక్కన చిన్న షాపు. ఫంక్షన్లకు సౌండ్ బాక్సులు కిరాయికిస్తాను, ఆటో ప్రచారాలకు గొంతు రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తాను. "పాత ఇనుప సామాన్లు, పాత బీరువాలు, పాడైపోయిన కూలర్లు కొంటాం" అంటూ మీ వాడలో తిరిగే ఆటోలో గొంతు నాదే కావచ్చు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. ఆడగొంతు కావాలంటే మా మేనకోడల్ని బతిమాలేవాణ్ణి. ఆమె పెళ్ళయి వెళ్ళిపోయాక, రెండేళ్ళ నుంచి ఏఐతో లాగిస్తున్నాను. చీరల షాపు వాళ్ళకు అదే నచ్చింది, మా మేనకోడలికి చెప్పకండి.

ఇప్పుడు సంగతి. మొన్న 2025 డిసెంబర్‌లో మా దగ్గర పంచాయతీ ఎన్నికలు జరిగాయి కదా. పక్క ఊళ్ళో రెండుసార్లు సర్పంచ్‌గా చేసిన పెద్దమనిషి మూడేళ్ళ కిందట చనిపోయాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు, వాళ్ళకు మాటల్లేవు. ఈసారి సీటు మహిళలకు రిజర్వు అయింది. పెద్ద కోడలు ఉంగరం గుర్తు మీద, చిన్న కోడలు కత్తెర గుర్తు మీద నిలబడ్డారు.

పెద్ద కొడుకు ఫోన్ పట్టుకుని నా షాపుకొచ్చాడు. అందులో మనవరాలి ఓణీల ఫంక్షన్ వీడియో. ముసలాయన మైకు తీసుకుని రెండు నిమిషాలు మాట్లాడాడు. "ఈ గొంతుతోటి మా ఇంటామెకు ఓటెయ్యమని చెప్పించు" అన్నాడు. అడిగింది కన్నకొడుకు, తండ్రి గొంతు. ఇందులో తప్పేముందనుకున్నాను. నాలుగు వేలకు ఒప్పుకున్నాను. నలభై సెకన్ల బిట్టు. ఆయన ఏ మాటైనా "ఇనుండ్రి" అని మొదలుపెట్టేవాడు, మధ్యలో చిన్నగా దగ్గేవాడు. అది దగ్గుతో సహా వచ్చేసింది. రాత్రి షాపులో ఒక్కణ్ణే వింటుంటే చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి, నిజం చెప్తున్నా.

మోసం కాకూడదని మొదట్లో నా గొంతుతో "ఇది కంప్యూటర్‌తో తయారు చేసిన గొంతు" అని నాలుగు సెకన్లు పెట్టాను. కానీ ఆటో ఆగి ఉండదు కదా. స్కూలు దగ్గర మొదలైతే, హనుమాన్ గుడి దగ్గరున్న వాళ్ళకు మధ్యలోంచే వినపడుతుంది. నా నాలుగు సెకన్లు ఏ చెరువుగట్టు మీదో పోతాయి. రెండో రోజు ఆ ముక్క కూడా లేదు, ఎవరో కోసేశారు.

మూడో రోజు చిన్న కొడుకు వచ్చాడు. అదే ఫంక్షన్, వేరే ఫోన్లో తీసిన వీడియో. "మా నాయిన నాకు గూడ నాయినేగదనే" అన్నాడు. ఏం చెప్పను? కుదరదన్నాను. "మా అన్నయే పైసలా, నాయి చిల్లపెంకులా?" అని లేచిపోయాడు. ఆ సాయంత్రానికే వాళ్ళ పిల్లగాడెవరో ఫోన్‌లోనే చేసిచ్చాడు. ఆఖరి రోజు చౌరస్తాలో రెండు ఆటోలు ఎదురుపడ్డాయి. ఒకదాంట్లో ముసలాయన ఉంగరానికి వేయమంటున్నాడు, ఇంకోదాంట్లో అదే ముసలాయన కత్తెరకు వేయమంటున్నాడు. జనం నవ్వారు. నాకు మాత్రం ఆ నవ్వు ఇంకా చెవిలోంచి పోవట్లేదు.

పెద్ద కోడలు గెలిచింది. గొంతు వల్లేనా అంటే చెప్పలేను, పంచిన చికెన్ కూడా తక్కువేం కాదు.

నా ప్రశ్న. ఏఐకి కట్టడి ఉండాలా వద్దా అని టీవీలో పెద్దవాళ్ళు వాదించుకుంటుంటే ఇన్నాళ్ళూ ఛానల్ మార్చేవాణ్ణి. ఇప్పుడు నాకే కావాలనిపిస్తోంది. పదేళ్ళుగా నా దగ్గర పని చేయించుకుంటున్న మనిషి ఎదురుగా కూర్చుని అడిగితే, నా అంతట నేను కాదనడం కష్టం. రాత్రి పది దాటితే మైకు ఆపాలని రూల్ ఉంది కాబట్టి, బరాత్‌లో తాగి ఉన్నవాడికి కూడా "అన్నా, పోలీసోళ్ళు బాక్సులు గుంజుకపోతరు" అని చెప్పి తప్పించుకుంటాను. గొంతు విషయంలో అలా చెప్పడానికి నా దగ్గర ఏముంది? తెలిసినవాళ్ళు చెప్పండి. త్వరలో మళ్ళీ ఎవడో ఒకడు వస్తాడు.

ఊరికే చదివేవాణ్ణి:

ఎందుకు బ్రదర్ ఇంత టెన్షన్? ఫొటోషాప్ వచ్చినప్పుడూ ఇలాగే అన్నారు. నువ్వు కాదంటే పక్కోడు చేశాడు కదా, నువ్వే చెప్పావు. నాలుగు వేలకు ఎనిమిది వేలు వచ్చేవి.

కోర్టు మెట్లు:

పై ఆయన మాట పక్కన పెట్టండి. నేను జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. మీకు జరిగింది సరిగ్గా చట్టాల సందులో పడింది.

కేంద్రం 2026 ఫిబ్రవరి 10న ఐటీ నిబంధనలు సవరించింది, 20 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏఐతో చేసిన ఆడియో అయితే అది కృత్రిమమని మొదట్లోనే వినిపించాలి. ప్రభుత్వమో కోర్టో తీసేయమంటే సోషల్ మీడియా కంపెనీలు మూడు గంటల్లో తీసేయాలి, ఇదివరకు 36 గంటల గడువుండేది. బాగానే ఉంది. కానీ ఆ బాధ్యతలన్నీ ప్లాట్‌ఫామ్‌ల మీద, తయారుచేసే సాధనాల మీద పెట్టినవి. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఆటోలో తిప్పే దాన్ని ఎవరు తీసేయాలి? డ్రైవరా?

కేంద్ర ఎన్నికల సంఘం 2025 అక్టోబర్‌లో పార్టీలకు ఇంకో మాట చెప్పింది. ఏఐ ఆడియో అయితే మొదటి 10 శాతం నిడివి లేబుల్‌కే పోవాలి. మీ నలభై సెకన్లకు నాలుగు సెకన్లు. తెలియకుండానే లెక్క సరిగ్గా పెట్టారు! అయితే ఆ సంఘం చూసేది లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు. పంచాయతీ ఎన్నికలు రాజ్యాంగం 243కె కింద రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి. ఢిల్లీ లేఖ మీ ఊరి చౌరస్తాకు దానంతటదే వర్తించదు.

ఇక కొడుకుల హక్కు. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు, ఆ నటుడి వ్యక్తిత్వ హక్కులు (తన పేరు, రూపం, గొంతు మీద ఉండేవి) ఆయనతోనే పోయాయి, వారసులకు రావు అంది. ఆ లెక్కన ముసలాయన గొంతు పొలంలాగా పంచుకునేది కాదు. ఇద్దరికీ హక్కు లేదు. కాకపోతే చిక్కు కూడా అక్కడే ఉంది, మూడో అభ్యర్థి వచ్చి అదే గొంతు వాడుకుంటే ఆపమని అడిగేవాళ్ళూ ఉండరు.

ఒక్కటి ఆలోచించండి. మీ పక్కన ప్రింటింగ్ ప్రెస్ ఉంటే వెళ్ళి ఎన్నికల కరపత్రం అడుగున చూడండి. ముద్రించినవారి పేరు, వేయించినవారి పేరు ఉంటాయి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ అది. వేయించేవాడు తనెవరో రాసి సంతకం చేయాలి, అతన్ని స్వయంగా ఎరిగిన ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టాలి, అప్పుడే ప్రెస్సువాడు అచ్చు వేయాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. కాగితానికి ఉన్న ఈ కట్టడి గొంతుకు ఎందుకు ఉండకూడదో నాకైతే అర్థం కాదు. ఏఐ కోసం కొత్త చట్టం రాసేదాకా ఆగక్కర్లేదు, ఈ సెక్షన్‌లో నాలుగు మాటలు చేర్చినా చాలావరకు పని జరుగుతుంది.

డబ్లిన్‌లో నల్గొండవాణ్ణి:

లాయర్ గారి మాటకు తోడు ఒక ఉదాహరణ. 2024 జనవరిలో అమెరికాలో న్యూ హాంప్‌షైర్ ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్) ముందు వేలమందికి ఫోన్లు వెళ్ళాయి. అప్పటి అధ్యక్షుడు బైడెన్ గొంతు, "ఇప్పుడు ఓటేయకండి, నవంబర్ కోసం దాచుకోండి" అని. ఆ గొంతు తయారు చేసింది న్యూ ఆర్లీన్స్‌లో ఉండే ఒక మెజీషియన్. తనకు 150 డాలర్లు ఇచ్చారని ఆయనే చెప్పాడు. చేయించిన రాజకీయ సలహాదారుకు 60 లక్షల డాలర్ల జరిమానా పడింది. కానీ క్రిమినల్ కేసులో 2025లో జ్యూరీ అతన్ని నిర్దోషిగా వదిలేసింది. మైక్‌సెట్ అన్నా, నీ నాలుగు వేలు చదవగానే ఆ 150 డాలర్ల మనిషే గుర్తొచ్చాడు.

అక్కడ వాళ్ళు వెంటనే చేసింది చిన్న పనే. ముందే రికార్డు చేసిన గొంతుతో అనుమతి లేకుండా ఫోన్లు చేయకూడదని 1991 నాటి చట్టం ఒకటి ఉంది. ఏఐ గొంతు కూడా దాని కిందికే వస్తుందని ఆ ఫిబ్రవరిలోనే ప్రకటించారు.

ఇక్కడ యూరప్‌లో మాత్రం ఏఐ మీద పెద్ద పుస్తకమంత చట్టమే రాశారు. 2025 ఫిబ్రవరి నుంచి కొన్ని పనులు పూర్తిగా నిషేధం. ఉదాహరణకు ఆఫీసులో, బడిలో మనుషుల ముఖాలు చూసి భావాలు పసిగట్టే ఏఐ పెట్టకూడదు. అది నాకు నచ్చింది, ఎందుకంటే ఉద్యోగి కాదనలేడు. ఉల్లంఘిస్తే మూడున్నర కోట్ల యూరోలు, లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 7 శాతం, ఏది ఎక్కువైతే అంతదాకా జరిమానా. కానీ గొంతు తయారుచేసే సాధనాన్నే ఆపాలంటే కుదిరే పని కాదు. నా గేమింగ్ లాప్‌టాప్‌లో నెట్ లేకుండానే నడుస్తుంది, ఎవరు వచ్చి చూస్తారు? ఆపగలిగింది అది బయటికి వచ్చే చోటే: ఫోన్ కంపెనీ, ప్లాట్‌ఫామ్, నీ షాపు, ఆ ఆటో.

ఇంకో భయం కూడా ఉంది. ఇలాంటివి నాలుగు వింటే, రేపు నిజంగా ఎవరైనా లంచం అడుగుతూ దొరికిపోయిన ఆడియో బయటికొచ్చినా "అది ఏఐ" అనేస్తారు.

డబ్బింగ్ అక్క:

నేను హైదరాబాద్‌లో సీరియళ్ళకు డబ్బింగ్ చెప్తాను. ఒక కంపెనీ పిల్లల పాఠాల కోసమని చెప్పి నాతో పన్నెండు గంటలు వాక్యాలు చదివించుకుంది. ఏడాది తర్వాత మా పక్కింటావిడకు లోన్ వాయిదా కట్టమని ఫోన్ వచ్చింది, నా గొంతుతో. ఆవిడ "అమ్మాయ్, నువ్వేనా?" అంటూ తలుపు కొట్టింది. అగ్రిమెంటు తీసి చూస్తే "ఇతర అవసరాలకు" అని ఒక్క మాట ఉంది. అంతే, ఆ ఒక్క మాటలో నా గొంతు పోయింది. కాబట్టి ఎంత కాలానికి, ఏ పనికి అనేది లేని అనుమతిని చట్టం అసలు అనుమతిగానే లెక్కపెట్టకూడదంటాను.

చనిపోయినవాళ్ళ సంగతికొస్తే, మా రంగంలో రెండు రకాలూ చూశాం. ఎస్పీ బాలు గారి గొంతును అడగకుండా ఏఐతో వాడారని ఒక తెలుగు సినిమా వాళ్ళకు ఆయన కొడుకు చరణ్ గారు 2024లో లీగల్ నోటీసు పంపారు. అదే ఏడాది రెహమాన్ గారు ఒక తమిళ పాటకు చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడారు, కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చి. రెండోది మర్యాద. అయినా తమ్ముడూ, నీ కేసులో కొడుకు అనుమతి ఇచ్చినా నేను ఒప్పుకోను. పాడటం ఆ గాయకుల వృత్తి. ఎవరికి ఓటేయాలన్నది ఆ పెద్దాయన సొంత అభిప్రాయం, అది ఆయన చెప్పనే లేదు. బతికుంటే ఏ కోడలి వైపు ఉండేవాడో కొడుకులకు మాత్రం ఏం తెలుసు?

ఒకటి అడుగుతాను, ఏమనుకోకు. వాళ్ళమ్మ ఉందా? ఆమెను ఎవరైనా అడిగారా?

మైక్‌సెట్ షాపు:

ఉంది అక్కా. చిన్నోడి ఇంట్లో ఉంటుంది. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆటో ఆ గల్లీలోకి వెళ్ళినప్పుడు మైకు బంద్ చేయమని లోపలి నుంచి మనిషిని పంపిందని డ్రైవర్ చెప్పాడు. వాడు ఆ గల్లీ దాటాక మళ్ళీ పెట్టాడంట.

ప్రెస్సువాడు మా దోస్తే. లాయర్ గారు చెప్పినట్టు వెళ్ళి అడిగితే డ్రాయర్‌లోంచి ఫారాల కట్ట తీసి చూపించాడు. పంచాయతీ ఎన్నికలకు కూడా రాయించుకున్నాడంట. "ఇది లేకుంటే నన్ను మింగేటోళ్ళు" అన్నాడు. ఇద్దరం పదేళ్ళుగా రోజూ కలిసి ఛాయ్ తాగుతాం, ఒక్కనాడూ ఈ ముచ్చట రాలేదు.

నేనూ ఒక కాగితం రాసుకున్నాను: "ఈ రికార్డింగ్‌లో గొంతు (పేరు) గారిది. ఆయన బతికే ఉన్నారు, ఈ మాటలు చదివి ఒప్పుకున్నారు. ఫలానా తేదీ దాకా, ఫలానా పనికి మాత్రమే వాడతాను. కంప్యూటర్ గొంతు అని చెప్పే ముక్క కోయను." కింద చేయించుకునేవాడి సంతకం, గొంతు మనిషి సంతకం. "బతికే ఉన్నారు" అన్న మాట మీద ఒకడు అప్పుడే నవ్విపోయాడు. చనిపోయినవాళ్ళ గొంతు మాత్రం పెద్దకర్మకు, సంవత్సరీకానికి ఇంట్లో వినడానికి అడిగితే చేసిస్తాను, ఆటోకు ఇవ్వను.

ఇంకోటి. కంప్యూటర్ గొంతు అన్న ముక్కను మొదట్లో కాకుండా ప్రతి పది సెకన్లకోసారి మధ్యలో పెడుతున్నాను. వినడానికి చికాగ్గానే ఉంది. కోయాలంటే మాత్రం నాలుగుచోట్ల కోయాలి.

కాగితంలో ఏమైనా మార్చాలా లాయర్ గారూ? బాండ్ పేపర్ మీద రాయించాలా?

కోర్టు మెట్లు:

తెల్ల కాగితం చాలు. ఇద్దరు సాక్షుల సంతకాలు, ఫోన్ నంబర్లు చేర్చండి. అసలు కాగితం మీ దగ్గర ఉంచుకుని జిరాక్స్ వాళ్ళకివ్వండి. చెప్పించే మాటలు మొత్తం ఆ కాగితం వెనక రాయించండి, లేకపోతే రేపు మీరే వేరే మాటలు చెప్పించారంటారు. అడ్వాన్సు తీసుకోకముందే సంతకం పెట్టించండి.