ఫెల్ తెంప్ రెపరాతియో: తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: నాలుగో శతాబ్దపు రోమన్ కంచు నాణేల మీద కనిపించే ఈ మాటలకు "సంతోష సమయాల పునరుద్ధరణ" అనే అనువాదం చదివాను. సరైనదేనా?

జవాబు: "రెపరాతియో"కు పునరుద్ధరణ చక్కగా సరిపోతుందండీ. చిక్కంతా మొదటి రెండు ముక్కలతోనే. నాణెం అంచున చోటు తక్కువ కాబట్టి పదాల చివరలు వదిలేశారు. లాటిన్‌లో విభక్తి ఉండేది ఆ చివరల్లోనే! "ఫేలీకియుం తెంపోరుం" అని పూరిస్తే "శుభకాలాల పునరుద్ధరణ" అవుతుంది. "ఫేలిక్స్ తెంపోరుం" అనుకుంటే విశేషణం కాలాన్ని వదిలి పునరుద్ధరణకు చేరుతుంది: "కాలాల శుభ పునరుద్ధరణ". పండితులు రెండు విధాలా పూరించారు.

నా మొగ్గు మొదటిదానికే. రెండో శతాబ్దంలోనే రోమన్ చక్రవర్తి ఆంటొనైనస్ పయస్ కంచు నాణెం మీద "తెంపోరుం ఫేలీకితాస్", అంటే కాలాల సౌభాగ్యం, అని ఉంది. శుభాన్ని కాలానికి ముడిపెట్టడం నాణేల భాషలో పాత అలవాటే. "సంతోషం" మాత్రం నాకు ఒప్పుదల కాదు. ఫేలిక్స్‌కు మూలార్థం ఫలవంతమైనది. భాగ్యం, కలిసిరావడం ఆ తర్వాత చేరాయి. ఇవే నాణేలకు చక్రవర్తి ముఖం ఉన్న వైపు, పేరు తర్వాత "పి ఎఫ్ ఆగ్" అనే అక్షరాలుంటాయి: పియుస్ ఫేలిక్స్ ఆగుస్తుస్, అంటే ధర్మనిష్ఠుడు, భాగ్యవంతుడు అయిన చక్రవర్తి. అక్కడ "సంతోషంగా ఉన్న చక్రవర్తి" అని ఎవరూ అనువదించరు కదా!

మరొక సభ్యుడు: శుభకాలాలంటూనే ఈ నాణేల మీద గుర్రం మీదినుంచి పడిపోతున్న మనిషిని సైనికుడు ఈటెతో పొడుస్తున్న బొమ్మ ఎందుకండీ?

జవాబు: మంచి ప్రశ్న. రోమన్ చక్రవర్తులైన కాన్‌స్టాన్స్, రెండో కాన్‌స్టాంటియస్ సోదరులు 348 ప్రాంతంలో ఈ నాణేలు మొదలుపెట్టారు. రోమ్‌కు 1100 ఏళ్లు నిండిన సందర్భమని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. కొన్నిటి మీద, కథల్లో బూడిద నుంచి మళ్లీ పుట్టే ఫీనిక్స్ పక్షి ఉంది. పునరుద్ధరణ అన్న మాటకు అంతకన్నా తగిన బొమ్మ లేదు. అయినా ఎక్కువగా దొరికేవి మీరు చెప్పిన రౌతు బొమ్మవే. కాన్‌స్టాంటియస్ తూర్పున పర్షియా రాజు రెండో షాపూర్‌తో ఏళ్ల తరబడి పోరాడాడు. శత్రువు కూలితేనే మంచి రోజులు తిరిగివస్తాయన్నది పాలకుల మాట, బొమ్మ ఆ మాటకు వ్యాఖ్యానం. ఈ వ్యాఖ్యానమే జనానికి బాగా అందినట్టుంది. గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం), బ్రిటన్‌లలో తయారైన అనుకరణ నాణేల్లో అక్షరాలు చాలాచోట్ల అర్థంలేని గీతలైపోయాయి. ఈటె, గుర్రం, పడిపోయే మనిషి మాత్రం గుర్తుపట్టేలా మిగిలారు.