ఒకటో తరగతి బాబు రాయడానికి మొండికేస్తున్నాడు, సలహా ఇవ్వగలరా?

అందరికీ నమస్కారం. మేము వరంగల్‌లో ఉంటాం. మా బాబు ఒకటో తరగతి. మే నెలలో పుట్టాడు కాబట్టి క్లాసులో అందరికంటే చిన్నవాడు. కథ చెబితే పొల్లుపోకుండా తిరిగి చెప్తాడు, నోటి లెక్కలు చకచకా చేస్తాడు. కానీ పెన్సిల్ పట్టిస్తే చాలు, ఏడుపే. పావుగంట కుదురుగా కూర్చోలేడు. "వాళ్ల అక్క ఇలా ఉండేది కాదు" అని టీచర్ వాడి ముందే అంటున్నారు. అది వింటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఈ వయసులో వేళ్ల పట్టు, కుదురు సగటున మగపిల్లలకు కాస్త ఆలస్యంగా వస్తాయని చదివాను. అలాగని అబ్బాయిలందరూ ఒకేలా ఉండరు, మా తోటికోడలి కొడుకు ముత్యాల్లా రాస్తాడు. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల వరకు ఒకే పునాది దశగా చూసి, ఆటలతో నేర్పమంటోంది. మరి రోజూ ఇన్ని పేజీల చూచిరాత ఎందుకో!

స్కూల్ వాళ్లు మళ్లీ యూకేజీలో కూర్చోబెట్టమంటున్నారు. అలా చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పిల్లవాడు చిన్నబుచ్చుకున్నాడా? పిండి పిసకడం, పూసలు గుచ్చడం లాంటివి చేయిస్తే ఎంతకాలానికి తేడా కనిపించింది? రాయడం లాంటి రోజువారీ పనులు పిల్లలకు అలవాటు చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కి ఇప్పుడే చూపించాలా, ఏడేళ్లు వచ్చేదాకా ఆగవచ్చా? మీలో టీచర్లు ఉంటే, అక్కతో పోల్చవద్దని వాళ్ల టీచర్‌కి నొప్పించకుండా ఎలా చెప్పాలో కూడా చెప్పండి.