ముగ్గురు సుల్తాన్ల కింద ఒక్కడే వజీర్, సొకొల్లు మెహమెద్ పాషాకు ఎట్ల సాధ్యమైంది?

హన్మకొండ_పిలగాడు: అన్నలూ ఒక డౌట్. ఆటోమన్ల (టర్కీ సామ్రాజ్యపోళ్ల) సీరియల్ చూస్తున్న, అండ్ల సుల్తాన్ సులేమాన్ 1536ల సొంత దోస్తు ఇబ్రహీం పాషానే చంపిచ్చిండు గదా. మరి సొకొల్లు 1565 నుంచి 1579 దాక గ్రాండ్ వజీర్‌గ, అంటే సుల్తాన్ కింద పెద్ద మంత్రిగ, ఎట్ల నిలిచిండు? పుట్టుకతోని ముస్లిం గూడ కాదట, బోస్నియా పల్లెటూరి క్రైస్తవుల పిలగాడట. అదృష్టమేనా?

వడ్డేపల్లి_కట్ట: ఉట్టి అదృష్టమైతే 14 ఏండ్లు నిలుస్తడా తమ్మీ. దేవ్‌షిర్మే అని ఉండె, క్రైస్తవుల ఊర్లల్ల పిలగాండ్లను పట్కపోయి మతం మార్చి, ప్యాలెస్‌ల చదివిచ్చి సుల్తాన్ కొలువుల పెట్టేటోళ్లు, ఈయన గట్ల పోయినోడే. 1546ల అప్పటి నేవీ చీఫ్ బార్బరోస్సా సచ్చినంక ఆ పదవిల కూసున్నడు, తర్వాత యువరాజు సెలీం బిడ్డను చేసుకున్నడు. అసలు ముచ్చట 1566 సెప్టెంబర్‌ది. హంగరీల సిగెత్‌వార్ ముట్టడి నడుస్తుంటే సులేమాన్ డేరాలనే పానం ఇడిసిండు, కోట ఇంక చేతికి రాలే, సంగతి తెల్సిందంటే జానిసరీలు (సుల్తాన్ సొంత సిపాయిలు) లొల్లి వెడ్తరు. ఈయన గప్‌చుప్‌గ కుతాహ్యాల ఉన్న సెలీంకు కబురు పంపి, సుల్తాన్‌కు పానం బాగలేదని చెప్పుకుంట, ఆయన పేరు మీదనే ఆర్డర్లు రాయిచ్చుకుంట, కోట గెల్చి, సెలీం బెల్‌గ్రేడ్ చేరేదాక నెట్టుకొచ్చిండు. సెలీంకు రాజ్యం నడుపుడు మీద పెద్ద ఇంట్రస్ట్ లేకుండె, ఇగ అంతా ఈయన చేతులనే.

కాజీపేట_జంక్షన్: మన దిక్కు ముచ్చట ఎవ్వరు తియ్యరేంది? ఓరుగల్లు 1323ల పడ్డంక ఢిల్లీ పోయిన కాకతీయుల సర్దారు మతం మారి మలిక్ మక్బూల్ అయి, ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీర్ కాలేదా? నిజాముద్దీన్‌ల ఆయన సమాధి ఉంది, ఎనిమిది మూలలది, ఢిల్లీ పోతే చూడున్రి.

వడ్డేపల్లి_కట్ట: పోలిక మంచిగుంది గని మక్బూల్ పోయేటాళ్లకే పెద్ద సర్దారు, సొకొల్లు పిలగాడు. అయినా ఊరిని మర్వలే, విషెగ్రాద్‌ల ద్రినా నది మీద ఆటోమన్ల పెద్ద ఆర్కిటెక్ట్ మిమార్ సినాన్‌తోని 11 కమాన్ల బ్రిడ్జి కట్టిచ్చిండు, ఇప్పటికీ ఉంది. అన్నీ గెలిచిండని గూడ కాదు, 1569ల డాన్, ఓల్గా నదులను కాలువతోని కలుపుదామని మొదలువెట్టి మధ్యల్నే ఇడిసిండు. గని 1571ల లెపాంటో సముద్ర యుద్ధంల నేవీ దాదాపు ఊడ్చుకపోతే ఒక్క సలికాలంల మళ్ల ఓడలు కట్టిచ్చిండు సూడు, నాకైతే గదే పెద్ద పని అనిపిస్తది.

హన్మకొండ_పిలగాడు: మరి ఆఖరికి ఏమైందన్నా?

కాజీపేట_జంక్షన్: 1574ల సెలీం కొడుకు మూడో మురాద్ సుల్తాన్ అయినంక సొకొల్లు మనుషులను ఒక్కొక్కరిని పీకుకుంట వచ్చిండు, హంగరీల బుడా గవర్నర్‌గ ఉన్న చుట్టాన్ని 1578ల చంపిచ్చిండు. పదవి మాత్రం గుంజుకోలే. 1579 అక్టోబర్‌ల దెర్వీష్ (సూఫీ ఫకీరు) వేషంల ఒకడు అర్జీ ఇచ్చేటోని లెక్క దగ్గరికొచ్చి కత్తితోని పొడిచిండు. వాన్ని ఎవరన్నా పంపిన్రా, సొంత పగనా అన్నది ఇప్పటికీ పంచాయితే.