కాంగేర్ ఘాటీ, కొటుమ్‌సర్ గుహ: పెద్దోళ్లతో ఎళ్లొచ్చినోళ్లు కాస్త చెప్పండి

జయపురం నాన్న:
అందరికీ నమస్తే. డిసెంబర్ సెలవుల్లో పిల్లలిద్దర్నీ, అమ్మనీ తీసుకుని చత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ వైపు, కాంగేర్ ఘాటీ అడవికి ఎళ్దామనుకుంటున్నాం. అక్కడున్న కొటుమ్‌సర్ గుహ కూడా బొర్రా గుహల్లాగే ఉంటాదా? అమ్మకి 68, ఆయాసం ఉంది, దిగగలదా?

బొర్రిగుమ్మ అక్క:
తమ్ముడూ, బొర్రాతో పోల్చుకోకు. అక్కడ మెట్లు, రంగు లైట్లు అన్నీ ఉంటాయి, ఇక్కడ గైడ్ చేతిలో లైటే దిక్కు. గుహ నోరే ఇరుకు, ఒళ్లు పక్కకి తిప్పి వొంగుని దిగాలి, లోపలికెళ్లాక చెమ్మ, ఉక్క, జనం ఎక్కువైతే ఊపిరాడనట్టే ఉంటాది. మా అత్తగారు సగం దాకా వచ్చి గుండె దడగా ఉందమ్మా అన్నారు, ఇంక ఎదురొచ్చేవాళ్లందర్నీ ఆపి, ఆవిడ చెయ్యి పట్టుకుని మెల్లగా పైకి తెచ్చేసరికి నాకు కాళ్లు వణికిపోయాయి. అమ్మగారిని దింపొద్దు, నా మాట విను.

రాయగడ బండి:
వానాకాలంలో మాత్రం ఎవరూ బయల్దేరొద్దు. గుహలోకి నీళ్లొచ్చేస్తాయి కాబట్టి మూసేస్తారు. మేం జూలైలో ఎళ్లాం, కారు మాట్లాడినాయన తెరిచే ఉంటాది సార్ అన్నాడు, అంత దూరం ఎళ్లాక గేటు దగ్గర తాళం. పిల్లలు ఏడుపొకటే తక్కువ. కానీ ఆ అడవిలోనే ఉన్న తీరథ్‌గఢ్ జలపాతం ఆ నెలలోనే చూడాలి, 300 అడుగుల దాకా ఉంటాది, మెట్టు మెట్టుగా తెల్లగా విరుచుకుపడతాది.

మల్కన్‌గిరి మాస్టారు:
మా బడి పిల్లల్ని తీసుకెళ్లాను. లోపల ఒక చిన్న నీటి గుంట దగ్గర గైడ్ ఆగి లైటు వొంచి చూపించాడు, వేలంత చేప, ఒంట్లో రంగే లేదు, కళ్లు ఉండాల్సిన చోట సరిగా కళ్లే లేవు. తరతరాలుగా చీకట్లో ఉండిపోయి చూపు అక్కర్లేకుండా పోయింది వాటికి. తర్వాత అందర్నీ లైట్లు ఆపమన్నాడు. పక్కనున్నోడి చెయ్యి కూడా కనపడలేదు, పైనుంచి చుక్క పడే టప్ టప్ ఒక్కటే. ఆ చుక్కలే సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించి తెచ్చి పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడల్ని కడతాయి, వేల ఏళ్ల పని అది. దయచేసి పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దు, ఒక్కటి విరిగితే మన జన్మలో మళ్లీ రాదు.

సునాబేడ పిట్టలు:
గుహ చూసి తిరిగొచ్చేయకండి అన్నా. కాంగేర్ ఘాటీ 1982లో నేషనల్ పార్క్ అయింది, దాదాపు 200 చదరపు కిలోమీటర్లు, అందులో గుహ ఎంత? పొద్దున్నే ఎళ్తే కొండ గోరింక కనపడతాది, అదే చత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి. నల్లటి ఒళ్లు, మెడ మీద పసుపు తోలు, మనిషి గొంతులా మాట్లాడతాది. ఆ మాటల కోసమే పట్టి పంజరాల్లో పెట్టి దాన్ని కరువు చేశారు. ఎండుచెట్టు కొమ్మ మీద జంట కూర్చుంటే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

జయపురం నాన్న:
చాలా థాంక్స్ అందరికీ. అమ్మని జలపాతం దగ్గర పైనే కూర్చోబెడతాం, మా ఆవిడా నేనూ వంతులేసుకుని పిల్లలతో దిగుతాం. అక్కా, అక్కడ కోతులు ఉంటాయా?

బొర్రిగుమ్మ అక్క:
ఉంటాయి తమ్ముడూ, అమ్మగారి చేతిలో తినే కవరు ఏదీ ఉంచకు.